ఈస్ట్‌కి పట్టా ఉంది, మనది అనుభవమే

మా మేనల్లుడు ఇంటర్ బైపీసీ మొదటి సంవత్సరం. మొన్న ఆదివారం అన్నయ్య వాళ్లింట్లో భోజనాలయ్యాక వదిన ఇంకా కంచాలు తీయనేలేదు, వాడు టేబుల్ మీద ప్రాక్టీస్ పేపర్ పరిచేశాడు. "అత్తా, నువ్వు ఈస్ట్ మీద పనిచేశావు కదా, ఇదొక్కటి చెప్పు." ప్రశ్న ఏమిటంటే, క్రోమోజోమ్ మీద సెంట్రోమియర్ ఎక్కడ ఉండాలో దేన్నిబట్టి తేలుతుంది? నాలుగు ఆప్షన్లు. మొదటిది 'డీఎన్‌ఏ అక్షరాల వరుస'. మిగతా మూడూ నిద్రమత్తులో ఉన్నవాడు కూడా పెట్టనివి. జవాబు వాడికి తెలుసు. నేను ఊఁ అంటే తర్వాతి ప్రశ్నకి పోవచ్చని అడిగాడంతే.

"ఎవరి సెంట్రోమియర్?" అన్నాను.

ఆ సాయంత్రం క్రికెట్ చేజారిపోయిందని వాడికి అప్పుడే అర్థమైనట్టుంది.

వాడికి ఆ రోజు సగమే చెప్పగలిగాను. మిగతా సగం కోసం ఈ పోస్టు. సెంట్రోమియర్ ఎక్కడుండాలో డీఎన్‌ఏలోనే రాసి ఉంటుందన్న మాట బేకరీ ఈస్ట్ వరకు నిజం. మన దగ్గరికొచ్చేసరికి ఆ మాట నిలబడదు. ఒకటే రకం ప్రొటీన్ రెండు చోట్లా ఒకటే పని చేస్తున్నా, ఒకచోట రాతను చూసి కూర్చుంటుంది, ఇంకోచోట తనకు ముందు కూర్చున్నవాళ్లను చూసి కూర్చుంటుంది. ఈ తేడా చెప్పకుండా 'అంతా డీఎన్‌ఏలో ఉంది' అని పిల్లలకు నూరిపోస్తున్నాం. రాజకీయ నాయకులు 'పోరాటం మా డీఎన్‌ఏలోనే ఉంది' అన్నప్పుడు నవ్వుకుంటాం గానీ, మన పాఠాలు చెప్పేది కూడా దగ్గర దగ్గర అదే.

సెంట్రోమియర్ అనగానే చాలామందికి రికార్డు పుస్తకంలో గీసిన బొమ్మ గుర్తొస్తుంది. ఉల్లి వేరుకొన, ఎసిటోకార్మిన్ రంగు, కవర్‌స్లిప్ మీద బొటనవేలితో నొక్కుడు, మైక్రోస్కోపులో ఎర్రటి పురుగుల్లాంటి క్రోమోజోములు. ఇంటూ గుర్తులాంటి క్రోమోజోమ్ గీసి, సన్నబడ్డ చోట బాణం పెట్టి 'సెంట్రోమియర్ లేదా ప్రాథమిక కుంచనం' అని రాశాం. మార్కులు పడ్డాయి. అది అక్కడ ఎందుకుందో మేం అడగలేదు, ఎవరూ చెప్పలేదు. కణం రెండయ్యేటప్పుడు ప్రతి క్రోమోజోమ్‌కీ ఉన్న రెండు నకళ్లలో ఒకటి ఇటు, ఒకటి అటు పోవాలి. లాగేవి కండె తంతువులు. అవి పట్టుకోవడానికి ఒక పట్టు కావాలి. ఆ పట్టు కట్టుకునే చోటే సెంట్రోమియర్. పట్టు తప్పితే ఒక పిల్లకణానికి రెండు నకళ్లూ పోతాయి, రెండోదానికి ఏమీ మిగలదు.

ఈస్ట్ సంగతికొద్దాం. రొట్టెను పొంగించేదీ, తాటికల్లును పులియబెట్టేవాటిలో ముఖ్యమైనదీ, శాకరోమైసిస్ సెరెవిసియే. (ఇడ్లీపిండి కూడా అదేగా అని మా వదిన ప్రతిసారీ అంటుంది. ఇడ్లీపిండి పులుపూ పొంగూ ఎక్కువగా బ్యాక్టీరియా చలవ.) దానికి 16 క్రోమోజోములు. తిండి బాగుంటే గంటన్నరకోసారి మొగ్గ తొడిగి రెండవుతుంది. అంత హడావిడిలోనూ ఒక్కో క్రోమోజోమ్ దారి తప్పడం దాదాపు లక్ష విభజనలకు ఒకసారి. అంత నిక్కచ్చి పని.

ఆ పట్టు ఎక్కడుందో మొదట చేతికి దొరికింది 1980లో. కాలిఫోర్నియాలోని సాంటా బార్బరాలో లూయీస్ క్లార్క్, జాన్ కార్బన్ మూడో క్రోమోజోమ్ నుంచి ఆ ముక్కను బయటికి తీశారు. తీసింది సెంట్రోమియరేనని ఎలా తెలిసిందన్నది నాకు ఇప్పటికీ ముచ్చటేసే సంగతి. గుండ్రటి డీఎన్‌ఏ చుట్టను ఈస్ట్‌లోకి ఎక్కిస్తే అది నకలు తీసుకుంటుంది గానీ, విభజనలో సమంగా పంచబడదు. అలా వదిలేస్తే కొన్ని తరాల్లో చాలా కణాల్లో కనిపించకుండా పోతుంది. ఆ చుట్టలో ఈ ముక్కను అతికించేసరికి చుట్ట కాస్తా చిన్న క్రోమోజోమ్‌లా ప్రవర్తించింది. నకలు ఇటొకటి, అటొకటి పోయాయి. అంటే పట్టు ఆ ముక్కలోనే ఉంది. తర్వాత దాన్ని కత్తిరించుకుంటూ పోతే చివరికి మిగిలింది సుమారు 125 అక్షరాలు. ఒక చివర 8 అక్షరాలు, మధ్యలో దాదాపు మొత్తం ఏ, టీలే ఉన్న ఎనభై చిల్లర, రెండో చివర 25. ఆ 25లో నడిమి అక్షరం ఒక్కటి మార్చినా సెంట్రోమియర్ పనిచేయదు. ఒక్క అక్షరం!

రాత అంటే ఇలా ఉండాలి కదా అనిపిస్తుంది. అక్షరం తప్పితే దస్తావేజు చెల్లదు.

ఆ రాత మీద కూర్చునేదెవరన్నది పదిహేనేళ్ల తర్వాత తేలింది. కార్బన్ దగ్గర పనిచేసి తర్వాత మసాచుసెట్స్ విశ్వవిద్యాలయానికి వెళ్లిన మాలీ ఫిట్జెరల్డ్-హేస్ ల్యాబ్‌లో ఒక తెలివైన పని చేశారు. సెంట్రోమియర్‌ను కావాలనే కొంచెం బలహీనపరిచిన క్రోమోజోమ్ ఒకటి ఈస్ట్‌లో పెట్టి, ఏ జీన్‌లో లోపం వస్తే అది ఇంకా ఎక్కువగా దారి తప్పుతుందో వెతికారు. సగం విరిగిన కుర్చీని ముందే పెట్టి, ఇంకెవరు కదిపితే కూలుతుందో చూడటం లాంటిది. అలా దొరికిన జీన్లకు సీఎస్ఈ అని పేరు పెట్టి 1, 2 అని అంకెలిచ్చారు. క్రోమోజోమ్ పంపకం అన్న ఇంగ్లిష్ మాటకు పొట్టి పేరు అది. సీఎస్ఈ1 తర్వాత చూస్తే కేంద్రకం నుంచి సరుకు బయటికి మోసే ప్రొటీన్ అని తేలింది, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. నాలుగోది మాత్రం పేరు నిలబెట్టింది. 1995లో వచ్చిన పేపర్ ప్రకారం సీఎస్ఈ4 లేకపోతే ఈస్ట్ బతకదు. దాని ప్రొటీన్‌లో ఒక భాగం హిస్టోన్ హెచ్3తో 64 శాతం కలుస్తుంది.

హిస్టోన్లంటే రీళ్లు. కణంలోని డీఎన్‌ఏ దారమంతా ఆ రీళ్లకు చుట్టి ఉంటుంది, హెచ్3 ఆ రీలులో ఒక భాగం. సెంట్రోమియర్ దగ్గర మాత్రం హెచ్3 బదులు సీఎస్ఈ4 ఉన్న ప్రత్యేకమైన రీలు. మామూలు హెచ్3 పొడవు 135 అమైనో ఆమ్లాలైతే దీనిది 229, పెద్ద తోక అదనం. (ఆ ఒక్క రీలులో సీఎస్ఈ4 ఒకటుందా, రెండున్నాయా అని పెద్దలు ఏళ్ల తరబడి జుట్టుజుట్టు పట్టుకున్నారు. ఆ గొడవలోకి నేను పోను.) ముందు 25 అక్షరాల దగ్గర కొన్ని ప్రొటీన్లు చేరి చోటును గుర్తుపడతాయి, తర్వాత సీఎస్ఈ4ను ఎస్‌సీఎం3 అనే తోడు ప్రొటీన్ చేయిపట్టుకుని తెచ్చి కూర్చోబెడుతుంది. దాని మీద కైనెటోకోర్ అనే ప్రొటీన్ల పట్టు కడతారు, దానికి ఒకే ఒక్క సూక్ష్మనాళిక, అంటే లాగే తాడు, తగులుకుంటుంది. మనిషి క్రోమోజోమ్‌కైతే పదిహేను, ఇరవై. ఈస్ట్‌కి ఒక్కటే తాడు.

ఈ జీన్ ఇంటి నంబరు చూస్తే నాకు సరదాగా ఉంటుంది. జాబితాల్లో దాని పేరు వైకేఎల్049సీ. వై అంటే ఈస్ట్, కే అంటే పదకొండో క్రోమోజోమ్, ఎల్ అంటే ఎడమ భుజం, 049 అంటే నలభై తొమ్మిదో ఇల్లు, సీ అంటే రెండు పోగుల్లో ఏ పోగు మీదుందో. నలభై తొమ్మిది ఎక్కణ్నుంచి లెక్కపెట్టారు? సెంట్రోమియర్ నుంచి. ఈస్ట్‌లో ఇళ్ల నంబర్లన్నీ ఆ మైలురాయి దగ్గరే మొదలవుతాయి. ఆ రాయిని నిలబెట్టేవాడి సొంతిల్లు కూడా దానికి నలభై తొమ్మిదో ఇంట్లో ఉంది.

నేను ఈ జీన్‌తో గడిపింది రెండేళ్లు. హైదరాబాద్‌లో ఒక ల్యాబ్, రీసెర్చ్ ఫెలోగా. పనల్లా ఎర్ర ముక్కలు లెక్కపెట్టడం. ఎడినిన్ తయారీలో ఒక మెట్టు విరిగిన ఈస్ట్ ఎర్రగా మారుతుంది. ఆ లోపాన్ని సరిదిద్దే జీన్‌ను పరీక్ష క్రోమోజోమ్ మీద పెడతాం. అది ఉన్నన్నాళ్లూ కాలనీ పాలిపోయి ఉంటుంది. కాలనీ పెరుగుతుండగా ఏ కణంలోనైనా ఆ క్రోమోజోమ్ జారిపోతే, అక్కణ్నుంచి దాని సంతానమంతా ఎరుపు. పెట్రీ డిష్‌లో గుండ్రటి తెల్లటి బిళ్లల మధ్య నడిమి నుంచి అంచు దాకా పుచ్చకాయ ముక్కలా ఎర్రటి పాయ తెరుచుకుంటుంది. పాయ సన్నగా ఉంటే జారింది ఆలస్యంగా, సగం కాలనీ ఎర్రగా ఉంటే మొట్టమొదటి విభజనలోనే జారింది. నాలుగు రోజుల కిందట ఒకే ఒక్క కణంలో జరిగిన తప్పును వట్టి కళ్లతో చూడొచ్చు. డిష్ మూత తీస్తే బేకరీ వెనకవైపు వచ్చే వాసన. స్కెచ్ పెన్నుతో డిష్ అడుగున చుక్కలు పెట్టుకుంటూ రోజుకు వెయ్యి కాలనీలు లెక్కపెట్టేదాన్ని. కలలో కూడా సగం ఎర్రవి వచ్చేవి.

మా దగ్గరున్న సీఎస్ఈ4 మ్యూటెంట్ (ఆ జీన్‌లో లోపమున్న ఈస్ట్) వేడికి ఓర్చుకోలేదు. 25 డిగ్రీల దగ్గర బతుకుతుంది, 37 దాటితే ఆగిపోతుంది. ఒక మే నెలలో శనివారం రాత్రి కరెంటు పోయింది, జనరేటర్ లైను మా ఇన్‌క్యుబేటర్‌కి లేదు. సోమవారం చూస్తే మామూలు ఈస్ట్ డిష్‌లలో కాలనీలు ముత్యాల్లా ఉన్నాయి, మ్యూటెంట్ డిష్‌లు ఖాళీ. అసలు కణాలు పరవడమే మర్చిపోయానేమో అనుకున్నాను. గీరి మైక్రోస్కోపు కింద పెడితే కనబడ్డాయి. చిన్న కుండ మీద ఇంకో కుండ బోర్లించినట్టు, పెద్ద మొగ్గ తొడిగి అక్కడే ఆగిపోయిన కణాలు. డీఎన్‌ఏకి అంటుకునే రంగు వేస్తే ప్రతిదాంట్లోనూ కేంద్రకం ఒక్కటే. మొగ్గ సిద్ధం, గది సిద్ధం, సామాన్ల పంపకమే జరగలేదు. మూడు నెలల లెక్క పోయిందని నేను ఏడుపుమొహం పెడితే మా సార్ డిష్‌ను వెలుతురుకెత్తి చూసి, "పోన్లే, పేపర్లో రాసింది నిజమేనని హైదరాబాద్ ఎండ కూడా ఒప్పుకుంది" అన్నారు.

ఇదంతా మేనల్లుడికి చెబుతుంటే వాడు గెలిచినట్టు చూశాడు. "అంటే 125 అక్షరాలే కదా నిర్ణయించేది? ఆప్షన్ ఒకటి కరెక్ట్."

"ఈస్ట్‌కి."

"మనకు?"

మనకు అలాంటి 125 అక్షరాలు లేవు. మన సెంట్రోమియర్ల దగ్గర 171 అక్షరాల ఒక పల్లవి వేలసార్లు తిరగదిప్పి రాసి ఉంటుంది, కొన్నిచోట్ల లక్షల అక్షరాల పొడవున. మనిషి జీనోమ్ పూర్తయిందని 2003లో ప్రకటించారు గానీ ఈ పల్లవుల దగ్గర చదవలేక ఖాళీలు వదిలేశారు. వాటిని చదివి ముగించింది 2022లో. ఈస్ట్ జీనోమ్ 1996కే అయిపోయింది. సరే, పల్లవి ఉన్నచోటే సెంట్రోమియర్ అనుకుందామా అంటే, అదీ కుదరదు. ఒక్కోసారి రెండు క్రోమోజోములు అతుక్కుపోయి ఒకే క్రోమోజోమ్ మీద రెండు పల్లవులుంటాయి. వాటిలో ఒకటే పనిచేస్తుంది, రెండోది అక్షరాలన్నీ ఉండి కూడా మూగబోతుంది. 1993లో మెల్‌బోర్న్ పరిశోధకులు దీనికి తిరగేసిన కేసు చూపించారు. ఒక బిడ్డలో పదో క్రోమోజోమ్ తునక ఒకటి తన పల్లవిని పోగొట్టుకుంది. అయినా మరో మామూలు చోట కొత్త సెంట్రోమియర్ పెట్టుకుని, విభజన తర్వాత విభజనలో చక్కగా నడుస్తోంది. అక్షరాలు ఉన్నా పని లేదు, లేకున్నా పని ఆగలేదు. మరి రెండు కేసుల్లోనూ పనిచేస్తున్న చోట తప్పకుండా ఉన్నదేమిటి? సెన్‌ప్-ఏ అనే ప్రొటీన్. మన సీఎస్ఈ4 అదే.

పక్కగదిలో పడుకున్నారనుకున్న నాన్న అప్పుడు లేచొచ్చారు. ఆయన రెవెన్యూలో రిటైరయ్యారు, పహాణీలతోనే జుట్టు నెరిసింది. "అంటే ఈస్ట్‌ది పట్టా. మనది అనుభవం" అన్నారు.

పాత పహాణీ చూసినవాళ్లకు వెంటనే తెలుస్తుంది. పట్టాదారు పేరుకు ఒక గడి, అనుభవదారు పేరుకు వేరే గడి. కాగితం ఎవరి పేర ఉందో ఒకటి, నిజంగా ఆ మడిలో ఎవరు నాగలి కట్టారో ఇంకొకటి. నేను పది క్లాసులు చెప్పినా రాని మాట ఆయన నోట అరనిమిషంలో వచ్చింది. కాకపోతే ఈ పోలికను మరీ లాగకూడదు. మనలోనూ అక్షరాలకు విలువే లేదనడం తప్పు. దాదాపు అందరిలోనూ సెన్‌ప్-ఏ ఆ పల్లవి మీదే కూర్చుంటుంది, ఆ పల్లవిలోని ఒక చిన్న గుర్తును పట్టుకునే సెన్‌ప్-బీ అనే ప్రొటీన్ కూడా ఉంది. కొత్తచోట సెంట్రోమియర్ లేవడం అరుదు. కానీ తగువు వచ్చినప్పుడు, కాగితం ఒకటి చెప్పి సాగు ఇంకొకటి చెప్పినప్పుడు, కణం వినేది సాగు మాటే.

సెన్‌ప్-ఏ మొదట కనబడిన తీరు కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్ని డీఎన్‌ఏలో వెతికి పట్టుకోలేదు. స్క్లెరోడెర్మా అని చర్మం బిగుసుకుపోయే జబ్బొకటి. ఆ రోగుల్లో కొందరి రక్తంలో సొంత సెంట్రోమియర్ల మీదే దాడిచేసే యాంటీబాడీలుంటాయి. విలియం ఎర్న్‌షా, నవోమీ రాత్‌ఫీల్డ్ 1985లో ఆ రోగుల సీరంతోనే మూడు ప్రొటీన్లు పట్టుకుని ఏ, బీ, సీ అని పేర్లు పెట్టారు. జబ్బు పడ్డ ఒంటికి ముందే తెలిసిన సంగతిని శాస్త్రం వెనకాల వెళ్లి రాసుకుంది.

"అనుభవం సరే, ఒక తరం నుంచి ఇంకో తరానికి ఎట్లా పోతుంది? కాగితం ఉండాలిగా" అన్నారు నాన్న. అసలు ప్రశ్న అదే. శుక్రకణం తయారయ్యేటప్పుడు డీఎన్‌ఏను కుదించి మూటకట్టడానికి హిస్టోన్ రీళ్లు దాదాపు అన్నీ తీసిపారేస్తారు. ఇల్లు ఖాళీ చేసినట్టే. ఎద్దుల శుక్రకణాల్లో వెతికితే సెన్‌ప్-ఏ మాత్రం కదలకుండా చుక్కలు చుక్కలుగా అక్కడే కూర్చుని ఉంది. ఎద్దులనగానే నాన్న కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. అండంలోనూ అంతే. ఎలుకల్లో పుట్టకముందే అండకణంలో చేరిన సెన్‌ప్-ఏ, ఏడాది గడిచాక కూడా చెక్కుచెదరకుండా ఉన్నట్టు 2016లో చూపించారు. తండ్రి నుంచి మనకు అక్షరాలు మాత్రమే రాలేదు, ఆ అక్షరాల మీద కూర్చున్నవాడు కూడా కూర్చున్నచోటు వదలకుండా వచ్చాడు. ఈ వాక్యం ఇంటర్ పుస్తకంలో ఎందుకు లేదన్నదే నా ఫిర్యాదు.

దీనికి ఎదురుగా ఈస్ట్‌ను పెట్టి చూస్తే తేడా కళ్లకు కడుతుంది. ఈస్ట్‌లో డీఎన్‌ఏ నకలు తీసే సమయానికి పాత సీఎస్ఈ4 మొత్తం లేచిపోతుంది, కొత్తది వచ్చి కూర్చుంటుంది. పట్టా చేతిలో ఉన్నవాడికి రాత్రికి ఇంటికి పోవడానికి భయమేముంది, పొద్దున్నే కాగితం చూపించి వస్తాడు. మన కణంలో అలా కుదరదు. నకలు తీసేటప్పుడు పాత సెన్‌ప్-ఏ రెండు పోగులకూ సగం సగం పంచుకుని అక్కడే ఉంటుంది, కొత్తవి విభజన ముగిశాకే వచ్చి ఖాళీలు నింపుతాయి. అందరూ ఒక్కసారి లేస్తే ఆ చోటు ఎవరిదో చెప్పే సాక్షే ఉండడు. చేను కాపలాకి మంచె మీద ఎవరో ఒకరు పడుకోవాల్సిందే. ఒకటే ప్రొటీన్ కుటుంబం, ఒకటే కొలువు, కానీ సెలవుల రూల్సు వేరు. ఎందుకు వేరో తెలియాలంటే పట్టా, అనుభవం తేడా తెలియాలి.

ఈ తేడా ప్రొటీన్ స్వభావంలో ఉందా, ఊళ్లో ఉందా? జర్మనీ పరిశోధకులు 2004లో మనిషి కణంలో సెన్‌ప్-ఏను తగ్గించి దాని బదులు ఈస్ట్ సీఎస్ఈ4ను పెట్టి చూశారు. 125 అక్షరాల ఊరి నుంచి వచ్చిన ఆ ప్రొటీన్ మన కణంలో సరిగ్గా సెన్‌ప్-ఏ చోటికే వెళ్లి, ఆ పని అందుకుంది. కాగితాలు అడగలేదు. కాబట్టి తేడా ఊరి కట్టుబాటులోదే. అట్లాగని ప్రొటీన్‌ను దాని ఇష్టానికి వదిలేసినా కష్టమే. ఈస్ట్‌లో సీఎస్ఈ4 మరీ ఎక్కువ తయారైతే క్రోమోజోమ్ మీద ఎక్కడపడితే అక్కడ కబ్జా పెడుతుంది. అలా చేరినవాటిని పట్టి విరగ్గొట్టించడానికి పీఎస్‌హెచ్1 అనే ప్రొటీన్ తిరుగుతుంటుందని 2010లో తెలిసింది.

ఇప్పటిదాకా 'ఈస్ట్' అని ఏకవచనంలో లాగించేశాను, అదీ సరికాదు. క్యాండిడా ఆల్బికన్స్ కూడా ఈస్టే, పసిపిల్లల నోట్లో తెల్లపూత పూసేది. దాని ఎనిమిది సెంట్రోమియర్లనూ 2004లో బయటపెట్టారు. ఎనిమిదీ ఎనిమిది రకాలు, ఒకదాని అక్షరాలు ఇంకొకదానితో కలవవు. అక్కడ సీఎస్ఈ4 కూర్చునేది 3 వేల అక్షరాల పైచిలుకు చోటులో, సంప్రదాయాన్నిబట్టి. ఆ పేపర్ రాసినవాళ్లలో మొదటి పేరు కౌస్తవ్ సన్యాల్, తర్వాత బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్‌లో ల్యాబ్ పెట్టి ఇదే పని కొనసాగించారు. చివరి పేరు జాన్ కార్బన్. 1980లో 'ఇదిగో అక్షరాలు' అని చూపించిన మనిషే, ఇరవై నాలుగేళ్ల తర్వాత 'ఇక్కడ ఉమ్మడి అక్షరాలేమీ లేవు' అన్న పేపర్ మీద కూడా సంతకం పెట్టాడు. తన మొదటి మాటను సాగదీసి లోకమంతటికీ రూలు చేయాలనుకోలేదు. నాకు ఆయన మీద గౌరవం అక్కడ పెరిగింది.

మరి బేకరీ ఈస్టే ముందు దొరకడం మన అదృష్టమా, దురదృష్టమా? నా లెక్కలో అదృష్టమే. 125 అక్షరాలు కత్తిరించి చూడగలిగాం కాబట్టి సెంట్రోమియర్ చేతికందే వస్తువైంది. క్యాండిడాతో మొదలుపెట్టి ఉంటే ఏ ముక్క పట్టుకున్నా ఇంకొకదానితో కలవక తలపట్టుకునేవాళ్లం. తప్పల్లా తర్వాత జరిగింది. తేలిగ్గా దొరికినదాన్ని అందరి నియమంగా పాఠంలో పెట్టేశాం. 'ఈస్ట్ సరళమైన జీవి కాబట్టి మనకు నమూనా' అన్న మాట నేనూ నా ఫెలోషిప్ అప్లికేషన్‌లో రాశాను. ఈ ఒక్క విషయంలో మాత్రం బేకరీ ఈస్ట్ నమూనా కాదు, మినహాయింపు.

ఉపయోగమేంటని అడిగేవాళ్లకు ఒక్క ముక్క. మొక్కల్లో ఇదే ప్రొటీన్‌ను కొంచెం మార్చి, ఆ మొక్కను మామూలు మొక్కతో సంకరం చేస్తే, మార్చిన పక్షం క్రోమోజోములు పిండంలో జారిపోయి ఒక్క పక్షం క్రోమోజోములతోనే మొక్కలు వస్తాయి. మారుతాచలం రవి, సైమన్ చాన్ 2010లో అరబిడాప్సిస్ అనే చిన్న ప్రయోగశాల మొక్కలో చూపించారు. శుద్ధమైన వంగడానికి ఆరేడు తరాలు ఆగే పని రెండు తరాల్లోకి వస్తుంది. విత్తనాల వాళ్లు ఊరుకుంటారా.

వదిన టీ పెట్టింది. పేపర్ మీద పప్పు మరక పడి ఆరిపోయింది. బయట పిల్లలు ఎప్పుడో ఆట మొదలుపెట్టేశారు. మేనల్లుడు పెన్సిల్ పట్టుకుని నాలుగు ఆప్షన్లనూ మళ్లీ చదివాడు.

"ఇప్పుడు ఏది పెట్టను అత్తా?"

"ఒకటి పెట్టు. కీలో అదే ఉంటుంది."

వాడు ఒకటి దగ్గర టిక్కు పెట్టి, పక్కన చిన్నగా 'ఈస్ట్ అయితే' అని రాసి, బ్యాటు తీసుకుని మెట్లు దిగాడు.